పాత బాకీ

(మన సంఘం ఉగాది సభలో చేసిన ప్రసంగపాఠం)



నేను పెద్ద చదువు చదివినవాణ్ణి కాను. మెట్రిక్యులేషనుతో చదువాపి, రైల్వేలో ఖలాసీగా చేరి, తరవాత డిపార్టుమెంటు పరీక్ష రాసి గుమాస్తానయ్యాను. ఉగాదినాడు ప్రసంగమంటే కవులో పండితులో చేయవలసినది. ఐనా మన కార్యదర్శిగారు ఊరుకోలేదు. "ఆమధ్య లైబ్రరీలో రాత్రి పదిదాకా మనం వాదించుకున్న సంగతి ఉందే, అదే సభలో చెప్పండి" అని పట్టుపట్టారు. కాదనలేక నిలబడ్డాను. తప్పులుంటే మన్నించండి.

ఆ రాత్రి వాదం ఇది: పూర్వం జాతి పేరిట, ఒంటిరంగు పేరిట మనుషులకు జరిగిన అన్యాయాలకు ఈనాడు పరిహారం చెల్లించాలా, అక్కరలేదా?

ఇందాక శాస్త్రిగారు పంచాంగశ్రవణంలో ఒక్కొక్క రాశికీ నాలుగేసి అంకెలు చదివారు. ఆదాయమింత, వ్యయమింత, రాజపూజ్యమింత, అవమానమింత అని. ఎవరి రాశికి ఎంత వచ్చిందో వినడానికే మనమంతా చెవులు రిక్కించాం. నాకు మాత్రం వేరే ఆలోచన వచ్చింది. మన పెద్దలు మనిషి బతుకును లెక్కకట్టేటప్పుడు డబ్బు పద్దు ఒక్కటే రాసి ఊరుకోలేదు. దాని పక్కనే గౌరవం పద్దు కూడా రాశారు. నేను చెప్పబోయే మాట అంతా ఈ రెండు పద్దులలోనే ఉంది.

నా ఉద్యోగం గూడ్సు ఆఫీసులో. సరుకు పోయిందనో, పాడయిందనో వచ్చే కాగితాలు చూడడం నాకు నిత్యకృత్యం. క్లెయిము వచ్చిందంటే మేము అడిగేవి నాలుగే ప్రశ్నలు. పోయినదేమిటి? దాని విలువ ఎంత? ఎవరి చేతిలో ఉండగా పోయింది? అడిగేవాడు హక్కుదారుడేనా? ఇవిగాక గడువొకటి. ఆరునెలలలోగా నోటీసు ఇవ్వకపోతే పరిహారం అడిగే హక్కు పోతుంది. ఈ నాలుగు ప్రశ్నలూ, ఆ గడువూ దగ్గర పెట్టుకొని ఈ పెద్ద సంగతిని నాకు తోచినట్టు పరిశీలించాను. పరిశీలిస్తే నన్ను నివ్వెరపరచిన సంగతి ఒకటి కనిపించింది. బానిసత్వానికి పరిహారం చెల్లించడమా, అదెలా సాధ్యం అని మనం వాదించుకుంటున్నాం గదా! ఆ పరిహారం ఎప్పుడో చెల్లింపయే ఉంది. ఐతే అది అందినది బానిసలకు కాదు, బానిసల యజమానులకు.

బ్రిటిషు పార్లమెంటు 1833లో బానిసత్వాన్ని రద్దుచేస్తూ చట్టం చేసింది. అది 1834 ఆగస్టు 1 నుంచి అమలులోకి వచ్చింది. వారి వలసరాజ్యాలలో రమారమి 8 లక్షలమంది ఆ చట్టం కింద విడుదలకు నోచుకున్నారు. అదే చట్టం ప్రకారం యజమానులకు "ఆస్తినష్టం" కింద 2 కోట్ల పౌనులు మంజూరయ్యాయి. ఆనాటి ఇంగ్లండు ప్రభుత్వపు ఏడాది ఖర్చులో ఇది సుమారు 40 శాతం. బొక్కసంలో అంత డబ్బు లేక, అందులో కోటి 50 లక్షలు అప్పు తెచ్చారు.

ఇక లెక్కలు ఎలా కట్టారో వినండి. పరిహారం పంచడానికి కమిషనర్లను నియమించారు. ఫారాలు అచ్చువేశారు. బానిసలను తరగతులుగా విడదీశారు. పొలంలో పనిచేసేవారికి ఇంత, వడ్రంగివంటి పనివారికి ఇంత, ఇంటిపనివారికి ఇంత అని ఒక్కొక్క వలసలో ఒక్కొక్క ధర కట్టారు. ఆరేళ్ళలోపు పసిపిల్లలకు కూడా ధర ఉంది. నలభైవేలకు పైగా క్లెయిములు వచ్చాయి. క్లెయిము పెట్టినవారిలో కోటీశ్వరులే కాదు, వితంతువులున్నారు, క్రైస్తవ మతాచార్యులున్నారు. మరి ఆ 8 లక్షలమందికీ ఏమి ముట్టింది? ఒక్క పెన్నీ ముట్టలేదు. పైగా పని నేర్చుకొనే గడువనే పేరుపెట్టి మరికొన్నేళ్ళు ఆ యజమానుల దగ్గరే కూలిలేని చాకిరీ చేయించారు. వెస్టిండీసులో ఆ గడువు 1838లో గాని తీరలేదు.

కాబట్టి "ఆ కష్టాన్ని ఎవరు లెక్కకట్టగలరండీ" అనేవారికి నా జవాబు ఒక్కటే. లెక్కకట్టారు. పసిపిల్లలతో సహా లెక్కకట్టారు. లెక్క రాక ఆగిపోయిన పని కాదిది. హక్కుదారుడెవరన్న నాలుగో ప్రశ్న దగ్గర పేరు తారుమారయింది. అంతే.

ఈ కథలో మనవాళ్ళు కూడా ఉన్నారు. మారిషస్ అనే దీవి 1810లో ఫ్రెంచివారినుంచి ఇంగ్లీషువారికి దక్కింది. అక్కడి చెరకుతోటలు సాగినది బానిసల రెక్కలమీద. ఆఫ్రికానుంచీ మడగాస్కరునుంచీ తెచ్చినవారు ఎక్కువమంది, మన దేశంనుంచి తీసుకుపోయినవారు కొందరు. అక్కడ 1835 ఫిబ్రవరి 1న బానిసత్వం రద్దయింది. యజమానులకు సుమారు 21 లక్షల పౌనులు ముట్టాయి. 1839లో పని నేర్చుకొనే గడువు కూడా తీరగానే విడుదలైనవారు అనేకులు ఆ తోటల మొహం చూడడానికి ఇష్టపడలేదు. అప్పటికే యజమానులు మరో దారి వెతుక్కున్నారు. చేతిలో పడిన సొమ్ము ఉండనే ఉంది. మన దేశంనుంచి ఒప్పందపు కూలీలను ఓడలలో తెప్పించారు. 1834 మొదలు ఇరవయ్యో శతాబ్దపు తొలి ఏళ్ళదాకా మారిషస్ చేరినవారు రమారమి నాలుగున్నర లక్షలమంది.

వారిలో మన తెలుగువారు విశాఖపట్నం, గంజాం వైపులనుంచీ, గోదావరి ముఖాననున్న కోరంగినుంచీ ఓడలెక్కారు. యానాంనుంచి వచ్చిన మిత్రులు ఈ సభలో ఉన్నారు, కోరంగి వారి ఊరికి దాపునే. ఇప్పుడక్కడ రేవు లేదు, మడ అడవి ఉంది. మారిషస్‌లో మాత్రం తెలుగువారికి చాలాకాలం "కోరంగివారు" అన్న పేరే నిలిచింది. అయిదేళ్ళ ఒప్పందం, నెలకు అయిదు రూపాయల కూలి. ఒకరోజు పనికి రాకపోతే రెండురోజుల కూలి కోత! దానికి "డబుల్ కట్" అని పేరు. జీతాల పట్టీలు రాసే గుమాస్తాను గనుక ఆ మాట చదివినప్పుడు నా చెయ్యి ఒక్క క్షణం ఆగిపోయింది.

ఇక్కడ ఒక మాట జాగ్రత్తగా చెప్పాలి. కూలి ఒప్పందమూ బానిసత్వమూ ఒకటేనని నేననను. కూలివాడికి గడువుంది, కూలి ఉంది, పుట్టిన ఊరిపేరు కాగితంమీద ఉంది, అతని బిడ్డను సంతలో అమ్మరు. బానిసకు ఇవేవీ లేవు. ఒకరి దుఃఖాన్ని పెద్దది చేయడానికి మరొకరి దుఃఖంతో సరిపోల్చకూడదు. ఐనా రెండు కథలకూ ముడి ఒకటే. నల్లవాడి కష్టానికి ఇవ్వవలసిన సొమ్ము తెల్ల యజమానికి చేరింది. ఆ యజమాని నల్లవాడి చోట మనవాణ్ణి నిలబెట్టాడు. అందుచేత ఈ వాదం మనకు పట్టనిదని నేననుకోను.

ఇక హేతీ దేశం సంగతి వింటే మనసు మరీ కలుక్కుమంటుంది. అక్కడి బానిసలు తిరుగుబాటు చేసి, ఫ్రెంచి సైన్యాలను ఓడించి 1804లో స్వతంత్రులయ్యారు. ఇరవయ్యొక్క ఏళ్ళకు, 1825లో, ఫ్రాన్సు రాజు పదో ఛార్లెసు యుద్ధనౌకలను పంపించాడు. మా వలసదారులు భూములూ బానిసలూ పోగొట్టుకున్నారు గనుక 15 కోట్ల ఫ్రాంకులు కడితేనే మీ స్వాతంత్ర్యాన్ని గుర్తిస్తామన్నాడు. అంటే తమ ఒంటికి తామే ధర చెల్లించాలన్నమాట! మొదటి వాయిదాకే డబ్బు చాలక పారిసు బ్యాంకుల దగ్గరే అప్పు చేయవలసి వచ్చింది. 1838లో మొత్తాన్ని 9 కోట్లకు తగ్గించారు. ఐనా అప్పుమీద అప్పు పేరుకొని, దాని తాలూకు బాకీలు 1947 దాకా తీరలేదు. బళ్ళకూ, రోడ్లకూ పోవలసిన సొమ్ము వడ్డీలకు పోయింది. 2025 ఏప్రిల్‌లో, ఆ ఆజ్ఞకు సరిగ్గా రెండువందల ఏళ్ళు నిండిన రోజున, ఫ్రాన్సు అధ్యక్షుడు మాక్రాన్ ఆ చరిత్రను పరిశీలించడానికి రెండు దేశాల చరిత్రకారులతో సంఘం వేస్తామన్నారు. సంఘం వేయడానికే రెండువందల ఏళ్ళు పట్టింది. చెల్లింపుకు ఎన్నాళ్ళు పడుతుందో!

అమెరికాలో కూడా ఇంతే. 1862 ఏప్రిల్‌లో వాషింగ్టన్ నగరంలోని బానిసలను విడుదల చేసినప్పుడు, ప్రభుత్వానికి విశ్వాసంగా ఉన్న యజమానులకు మనిషికి 300 డాలర్లదాకా ఇచ్చారు. 1865 జనవరిలో షెర్మన్ సేనాని దక్షిణాది సముద్రతీరంలో విడుదలైన కుటుంబాలకు 40 ఎకరాలకు మించకుండా భూమి పంచాలని ఉత్తరువిచ్చాడు. రమారమి 40 వేలమంది ఆ భూములలో దిగి నాట్లు వేసుకున్నారు. ఆ ఏడాది తిరక్కముందే, కొత్తగా వచ్చిన అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్ ఆ భూములను పాత యజమానులకే తిరిగి ఇప్పించాడు. ఈ పరిహారం సంగతి పరిశీలించడానికి ఒక సంఘం వేయండి చాలు అని 1989లో అమెరికా కాంగ్రెసులో బిల్లు పెట్టారు. మళ్ళీ మళ్ళీ పెట్టినా అది చట్టం కాలేదు.

ఇవీ సంగతులు. ఇక ఆ రాత్రి లైబ్రరీలో మిత్రులు లేవదీసిన ఆక్షేపణలకు వద్దాం. అవి తేలికగా తోసివేయదగినవి కావు.

మొదటి ఆక్షేపణ: "చేసినవాళ్ళు చచ్చిపోయారు. వాళ్ళ మునిమనవలు మేమెందుకు కట్టాలి?" ఈ మాటలో న్యాయముంది. తాత చేసిన నేరానికి మనవణ్ణి జైలులో పెట్టరు. కాని "మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి" అన్న సామెత మనకుంది. దేశాలన్నీ చేసేది ఇదే. తాతల విజయాలు మావి, తాతలు కట్టిన భవంతులు మావి, తాతలు నిలిపిన బ్యాంకులు మావి అంటారు. తాతల బాకీ మాట వచ్చేసరికి మాకేమి తెలుసు అంటారు. నేతివాసన మీదైనప్పుడు నేతి బాకీ ఎవరిది?

మన చట్టంలోనే దీనికి ఒక పద్ధతి ఉంది. పూర్వం తండ్రి అప్పు తీర్చడం కొడుకుకు ధర్మమనేవారు. 2005లో హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి, ఆ ధర్మం పేరుమీద కొడుకును కోర్టుకీడ్చడం మాన్పించారు. ఐతే సంక్రమించిన ఆస్తిమేరకు బాకీ తీర్చే బాధ్యత అలాగే ఉంది. ఇక్కడా అంతే. ఇంగ్లండులోని బొగ్గుగని కూలివాడి మనవణ్ణి దోషి అనడంలేదు. ఆ సొమ్ము ఏ ఖజానాలో, ఏ సంస్థలో, ఏ ఎస్టేటులో నిలిచి ఉందో అదే బాకీపడింది. రాజులు మారినా, మంత్రులు మారినా ప్రభుత్వమనేది చావదు. దాని సంతకం చెల్లుతూనే ఉంటుంది.

ఇందుకు రుజువు ఆ 2 కోట్ల పౌనుల కథలోనే ఉంది. యజమానులకోసం తెచ్చిన ఆ అప్పు రూపాలు మార్చుకుంటూ ఇంగ్లండు జాతీయ ఋణంలో కలిసిపోయి, చిట్టచివరకు తీరినది ఎప్పుడనుకున్నారు? 2015లో! 2018లో ఆ దేశపు ఖజానాశాఖే ఈ సంగతి బయటపెట్టింది. అంటే మొన్నమొన్నటిదాకా అక్కడ పన్ను కట్టిన ప్రతివాడూ అందులో ఎంతో కొంత తీర్చాడు. వెస్టిండీసునుంచి వలసవెళ్ళిన బానిసల మునిమనవడూ తీర్చాడు. అక్కడ ఉద్యోగాలు చేసుకొనే మన తెలుగువారూ తీర్చారు. "మేము చేయలేదు, మేమెందుకు కట్టాలి" అని అప్పుడెవరూ అడగలేదు. యజమానికిచ్చిన మాట 180 ఏళ్ళు చెల్లినప్పుడు, బానిస పక్షాన అడిగేసరికి కాలదోషం పడుతుందా?

ఇదే రెండో ఆక్షేపణ: "గడువు దాటిపోయింది." మా ఆఫీసులో కూడా ఇదే మాట అంటాం గనుక దీన్ని నేను తేలికగా తీసుకోను. గడువెందుకు పెట్టారు? కాలం గడిచినకొద్దీ కాగితాలు పోతాయి, సాక్షులు పోతారు, నిజం తేల్చడం కష్టమవుతుందని. మరి కాగితాలు పోనప్పుడో? కావాలని దాచినప్పుడో? కెన్యాలో 1952లో బ్రిటిషువారు అత్యవసర పరిస్థితి ప్రకటించి, మౌ మౌ తిరుగుబాటుదారులనే అనుమానంతో వేలాదిమందిని నిర్బంధ శిబిరాలలో పెట్టి హింసించారు. వారిలో కొందరు ముసలివాళ్ళు 2009లో లండను కోర్టుకెక్కారు. ఆ బాధ్యత 1963లో కెన్యా ప్రభుత్వానికి బదిలీ అయిపోయింది, పైగా కాలం మించింది, అన్నారు ప్రభుత్వ న్యాయవాదులు. ఇంతలో 2011లో, వలసప్రభుత్వం పోతూపోతూ ఇంగ్లండుకు తరలించిన ఫైళ్ళు గుట్టలుగుట్టలుగా ఒక సర్కారు భవనంలో బయటపడ్డాయి. కాగితాలిన్ని ఉండగా విచారణకు అడ్డేమిటని 2012లో కోర్టు తీర్పు చెప్పింది. 2013 జూన్‌లో 5,228 మందికి సుమారు 2 కోట్ల పౌనులు ఇవ్వడానికి ప్రభుత్వం ఒప్పుకొంది. విదేశాంగమంత్రి పార్లమెంటులో విచారం వెలిబుచ్చారు. నైరోబీలో స్మారకచిహ్నం కట్టించడానికి డబ్బిచ్చారు. ఐతే చట్టరీత్యా బాధ్యత మాదని మాత్రం ఒప్పుకోలేదు. ఒక గుమాస్తాగా నాకిందులో తెలిసిన నీతి ఇది: ఫైలు పారేయని చోట బాకీ చావదు.

మూడో ఆక్షేపణ: "డబ్బిస్తే పోయిన ప్రాణాలు వస్తాయా? డబ్బు పుచ్చుకోవడం పోయినవారిని అమ్ముకోవడం కాదా?" ఇది మన ఊహలోంచి పుట్టిన మాట కాదు. 1952లో పశ్చిమజర్మనీ నాజీల దుర్మార్గాలకు పరిహారంగా ఇస్రాయేలుకు 300 కోట్ల మార్కులు ఇవ్వడానికి సంతకం చేసింది. ఆ డబ్బు ముట్టవద్దని ఇస్రాయేలులోనే వేలాదిమంది ఆ దేశపు పార్లమెంటు ఎదుట ఆందోళన చేశారు, రాళ్ళు రువ్వారు. వారి బాధ నాకర్థమవుతుంది. ఎందుకంటే మా ఇంట్లోనూ ఒకనాడు ఇటువంటి డబ్బు వచ్చింది.

మా నాన్న ఒక గోదాములో పనిచేసేవాడు. ఆ చోటి పేరు ఇక్కడ అనవసరం. ఒక ఏడాది లెక్కలలో కొంత సరుకు తక్కువ వచ్చిందని నేరం మా నాన్న నెత్తిన వేసి నెలనెలా జీతంలో కోశారు. ఉద్యోగం పోలేదు గాని, వీధిలో పేరు పోయింది. "గోదాం దొంగ కొడుకు" అని నన్ను బళ్ళో పిలిచేవారు. చాలా ఏళ్ళకు ఎవరో పుణ్యాత్ముడు పాత పుస్తకాలు తిరగేసి, తప్పు కూడికలో జరిగిందనీ, సరుకెక్కడికీ పోలేదనీ కనిపెట్టాడు. అప్పటికి మా నాన్న కాలంచేసి మూడేళ్ళు. కోసిన సొమ్మంతా అమ్మకు చెక్కుగా వచ్చింది. దానితో వచ్చిన కాగితంలో "పాత సర్దుబాటు" అని రెండే మాటలున్నాయి. అమ్మకు చదువు రాదు. నాచేత చదివించుకొని, "డబ్బులొచ్చాయి సరే బాబూ. మీ నాన్న దొంగ కాడని అందులో ఎక్కడైనా రాసేరా?" అని అడిగింది. నేను కాగితం అటూ ఇటూ తిప్పి చూశాను. ఎక్కడా రాయలేదు.

ఆ డబ్బు వద్దనలేదు మేము. చెల్లెలి పెళ్ళికి అక్కరకొచ్చింది. డబ్బు మాదే, మా నాన్న చెమటదే. కాని అమ్మ అడిగిన రెండో పద్దు ఇప్పటికీ ఖాళీగానే ఉంది.

రెండు పద్దులూ కలిపి రాసిన సందర్భం ఒకటి చెబుతాను. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా ప్రభుత్వం, తన గడ్డమీదనే ఉన్న జపాను జాతివారిని రమారమి లక్షా 20 వేలమందిని, 1942నుంచి శిబిరాలలో బంధించింది. వారిలో మూడింట రెండువంతులు అమెరికా పౌరులే. చేసిన నేరమేమీ లేదు, పుట్టిన జాతి తప్ప. ఇళ్ళూ పొలాలూ వచ్చిన ధరకు అమ్ముకొని, చేతికందిన సంచులతో వెళ్ళారు. తరవాత ప్రభుత్వమే ఒక సంఘాన్ని నియమించి విచారణ చేయించింది. 1988లో చట్టం చేసి, బతికున్న ప్రతి బాధితుడికీ 20 వేల డాలర్లూ, క్షమాపణా ఇచ్చింది. చెల్లింపు 1990లో మొదలయింది. ముందుగా అందరికంటె వయసుమళ్ళినవారికి ఇచ్చారు. చెక్కుతోబాటు దేశాధ్యక్షుడి సంతకంతో క్షమాపణ చెప్పిన ఉత్తరం కూడా ఉంది. 82 వేలమందికి పైగా అది అందింది. మా అమ్మ అడిగిన కాగితం అటువంటిది.

ఇక చివరి ఆక్షేపణ: "బాధితులు బతికుంటే సరే. ఎన్నో తరాలు గడిచినప్పుడు ఎవరికని ఇస్తారు?" ఇది నిజంగా కష్టమైన ప్రశ్న. అందరికీ తలా ఇంత అని పంచితే న్యాయం జరుగుతుందని నేననుకోను. ఐతే దారులు లేకపోలేదు. అమెరికాలో ఎవన్‌స్టన్ అనే పట్టణం 2021లో ఒక పద్ధతి మొదలుపెట్టింది. 1919నుంచి 1969దాకా ఇళ్ళ విషయంలో నల్లవారిపట్ల చూపిన వివక్షకు పరిహారంగా, ఆ కాలంలో అక్కడున్నవారికీ వారి సంతతికీ ఇంటి నిమిత్తం 25 వేల డాలర్లు నిర్ణయించింది. ఏ అన్యాయం, ఏ ఊళ్ళో, ఏ ఏళ్ళలో అని తేల్చుకొని మరీ చేసిన పని గనుక అది నాకు నచ్చింది.

మారిషస్‌వారు మరో దారి చూపారు. 2009లో సత్య న్యాయ కమిషను నియమించి, బానిసలకు జరిగినదీ, ఒప్పందపు కూలీలకు జరిగినదీ రెండూ కలిపి విచారించారు. పోయిన భూముల ఫిర్యాదులు కూడా విన్నారు. 2011లో నివేదిక వచ్చింది. అందులో చెప్పినవన్నీ జరిగాయని కాదు. కాని బానిసల సంతతీ, కోరంగి ఓడలెక్కిన మనవారి సంతతీ ఒకే కమిషను ఎదుట తమ తాతల కథలు చెప్పుకోగలిగారు. ఆ దీవిలో ఫిబ్రవరి 1 బానిసల విడుదలకు సెలవు, నవంబరు 2 కూలీల రాకకు సెలవు. మన ఉగాదికి కూడా అక్కడ ప్రభుత్వ సెలవే.

ఎలా చేయకూడదో జర్మనీ, నమీబియాల వ్యవహారం చెబుతుంది. 1904 నుంచి 1908 వరకు హెరేరో, నామా జాతులను జర్మను సైన్యం ఊచకోత కోసింది. 2021లో ముప్ఫై ఏళ్ళలో 110 కోట్ల యూరోలు ఇస్తామని జర్మనీ ముందుకొచ్చింది. కాని దానికి పరిహారమన్న పేరు పెట్టలేదు. ఆ జాతుల నాయకులు చాలామంది, మమ్మల్ని కూర్చోబెట్టకుండా మా బాకీ మీరెలా తేల్చారని కాదన్నారు. హక్కుదారుణ్ణి వీధిలో నిలబెట్టి ఇచ్చేది భిక్ష అవుతుంది గాని బాకీ తీర్చడం కాదు.

కాబట్టి నా అభిప్రాయం ఇది. పరిహారం చెల్లించవలసిందే. బాధితులు బతికుంటే నేరుగా వారి చేతికి, ఉత్తరంతో సహా. వారు లేనప్పుడు భూమిగా, బడిగా, ఆస్పత్రిగా, ఇంటికి పెట్టుబడిగా, వారి సంతతి అడిగిన రూపంలో. ముందు ఫైళ్ళు తెరవాలి, తరవాత తప్పు ఒప్పుకోవాలి, ఆ తరవాత డబ్బు లెక్క. డబ్బు లేని క్షమాపణ నోటిమాట. క్షమాపణ లేని డబ్బు "పాత సర్దుబాటు".

ముగించేముందు ఒక మాట. తెల్లవారి బాకీల లెక్క చెప్పడం మనకు సులువు, వినడానికి ఇంపుగా కూడా ఉంటుంది. మన ఇంటి పుస్తకం సంగతేమిటి? అంటరానితనం జాతిభేదం కాదు, వేరే చరిత్ర. ఐనా 1946లో డాక్టర్ అంబేద్కరుగారు అమెరికాలోని నల్లవారి నాయకుడు డుబోయిస్‌గారికి ఉత్తరం రాసి, మీవాళ్ళు ఐక్యరాజ్యసమితికి ఇస్తున్న విజ్ఞప్తి ప్రతి కావాలని అడిగారు. ఆయనకు రెండు చోట్లా ఒకే నొప్పి కనిపించింది. 1950లో మన రాజ్యాంగం అంటరానితనాన్ని రద్దుచేసింది. చదువులోనూ కొలువులోనూ వాటా ఇచ్చింది. అది దానమని విసుక్కొనేవారు మన కాలనీలో కూడా ఉన్నారు. ఒడిశా గడ్డమీద మూడు తరాలుగా బతుకుతూ మన అరుగులమీద ఎవరు కూర్చున్నారు, ఎవరు మెట్టుకింద నిలబడ్డారు అన్నది మన పెద్దవాళ్ళకు జ్ఞాపకముంటుంది. ఈ పండగనాడు ఎవరినీ నొప్పించాలని కాదు. ఇంగ్లండు ఖజానాను అడిగిన నోటితోనే మన గడపను కూడా అడుగుకోవాలని మనవి.

రేపు ఇళ్ళలో మళ్ళీ పంచాంగం తీసి మీ మీ రాశులకు ఆదాయమెంత, వ్యయమెంత అని చూసుకుంటారు. ఆ పక్కనే ఉన్న రెండంకెలు కూడా ఒక్కసారి చూడండి. మీ పిల్లలకు కోరంగి ఓడల కథ చెప్పండి. ఆ ఓడలెక్కినవారిలో మీ ముత్తాత తమ్ముడు లేడని ఎవరు చెప్పగలరు?

నూతన సంవత్సరం మీకందరికీ రెండు పద్దులలోనూ కలిసిరావాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.